అరుగు మీద ఊ

పెళ్ళాం ఆండాళు పోయాక వచ్చిన సోమవారం పొద్దున, మార్కండేయులు నోట్లో ఉండే ఊ లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంటుంది.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర కాసేపు ఆగుతుంది. మోకాలెత్తు ఉంటుంది. ఒంటికన్నా తలే పెద్దది, ఆ తల కిందికీ పైకీ ఆడుతూ ఉంటుంది. మార్కండేయులు మగ్గం మీంచి దాన్ని చూసి, కప్పుకోవడానికి తువ్వాలు ఇవ్వాలా అని ఆలోచించి, చలికాలం కాదు కదా అని ఊరుకుంటాడు.

వీధిలో ఎవరూ వింతపడరు. మగ్గాల వీధిలో వింతపడే తీరిక ఎవరికుంటుంది? ఎదురింటి సాంబయ్య కండువా దులుపుకుంటూ వచ్చి దాని పక్కన కూర్చుంటాడు. అల్లుడి సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటాడు. అది తలాడిస్తూ, అనాల్సిన చోట ఊ అంటుంది, అనకూడని చోట ఊరుకుంటుంది. సాంబయ్య తేలికపడి ఇంటికి వెళ్ళి, పెళ్ళాం పోయాక మార్కండేయులు మనిషయ్యాడని, ఇవాళ శుభ్రంగా విన్నాడని చెబుతాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వస్తారు. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్ళు కూడా దానికే దండం పెట్టి, ఊ అనిపించుకుని, తృప్తిగా పక్క వీధికి వెళ్తారు. ఎవరెంత చెప్పుకుంటే అది అంత పెరుగుతుంది.

చిక్కంతా మార్కండేయులుకే. ఊ లేని నోటితో జవాబు చెప్పాలంటే, ముందు అవతలివాళ్ళు ఏమన్నారో వినాలి. పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి ఏదో అడుగుతుంది. అతను అలవాటు కొద్దీ నోరు తెరుస్తాడు. లోపల ఏమీ ఉండదు. ఆవిడ కాసేపు ఆ ఖాళీ నోట్లోకి చూసి, పాలు అరుగు మీదివాడినే అడిగి పోస్తానని వెళ్ళిపోతుంది.

అతని చెవి గురించి చెప్పాలి. వీధి మొత్తం మగ్గాలు టకటకలాడుతుంటే, పక్కనున్న మనిషి అరిచినా వినపడని ఆ గోలలో, మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగులో ఒక్క పోగు తెగితే అతనికి తెలుస్తుంది. తన మగ్గంలోదే అనేముంది, నాలుగిళ్ళ అవతలిదైనా తెలుస్తుంది. పోగు తెగితే చప్పుడేముంటుందని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఉంటుంది. చెవి దానికోసమే కాచుకుని కూర్చుంటే ఉంటుంది. మిగతా చప్పుళ్ళన్నీ దానికి దారిచ్చి పక్కకి జరుగుతాయి. అలా జరిగిన చప్పుళ్ళలో మనుషులు కూడా ఉంటారు, అదే ఎవరికీ తట్టదు.

పెళ్ళిచూపులనాడు ఆండాళు తండ్రి పెట్టిన పరీక్ష కూడా ఇదే. వాకిట్లో చుట్టాలందరినీ పోగేసి గోలగా మాట్లాడమన్నాడు. వెనక గదిలో మగ్గం దగ్గర ఒక ముసలాయన్ని కూర్చోబెట్టి పోగు తెంపించాడు. పెళ్ళికొడుకు నోటిదాకా వెళ్ళిన మినపసున్ని ఉండని పళ్ళెంలో పెట్టేసి తల అటు తిప్పాడు. అప్పటికప్పుడు తాంబూలాలు పుచ్చుకున్నారు. పోగు తెగితేనే వినేవాడు పెళ్ళాం మాట వినడా అని ఆ పెద్దమనిషి ఊరంతా చెప్పుకున్నాడు. ఆ వీధిలో ఆడపిల్ల తండ్రులందరూ చేసే పొరపాటే అది. ఉన్న చెవిని పోగుకి రాసిచ్చేశాక ఇంటిదానికి ఏం మిగులుతుందని ఏ ఒక్కరూ అడగరు.

ఆండాళు చోటు మగ్గం వెనక. రాట్నం ముందు పెట్టుకుని, పీట మీద కూర్చుని, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి కావలసిన నూలు కండెలు చుట్టేది. అతని వీపు ఆమెకి కనపడేది, ఆమె మాత్రం అతనికి కనపడేది కాదు. నాడెలో కండె అయిపోగానే అతను వెనక్కి చెయ్యి చాపేవాడు. ఆమె ఆ అరచేతిలో ఇంకో కండె పెట్టేది. చుడుతున్నంతసేపూ ఏదో ఒకటి చెబుతూ ఉండేది. అతను ఊ అనేవాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, అది మంచి ఊ. నిండుగా, వెచ్చగా ఉండేది. నిజంగా విన్నవాడి ఊకీ దానికీ తేడా కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. కథ చెప్పేవాళ్ళకి ఊ కొట్టే మనిషి ఉంటే చాలంటారు. ఆండాళుకి కాపురమంతా ఆ మనిషి ఉన్నాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం కూడా అతను చెయ్యి చాపాడు. కండె రాలేదు. తల తిప్పకుండానే ఆండాళూ, కండె, అన్నాడు. చెయ్యి అలాగే ఉంచుకుని, అవతలి ఇంట్లో పోగేదో తెగేలా ఉంటే చెవి అటు పెట్టాడు. పక్కింటి తులశమ్మ ఏదో పనిమీద లోపలికి వచ్చి, పీట పక్కన కూలబడి, ఏడుపు అందుకునేదాకా ఆ చెయ్యి వెనక్కి చాపే ఉంది.

ఆ తులశమ్మే సోమవారం మధ్యాహ్నం గిన్నెలో పప్పన్నం కలిపి తెస్తుంది. అరుగు మీది ఊని కాస్త జరగమని చెప్పి, లోపలికి వచ్చి, తినేదాకా కదలనని గోడకి ఆనుకుని కూర్చుంటుంది. పోయినవాళ్ళ గురించి ఏదో ఒకటి చెప్పుకోవాలి కనక చెప్పడం మొదలుపెడుతుంది. ఆఖరి రోజు పొద్దున పంపు దగ్గర ఆండాళు కలిసిందట. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా తనలో తను నవ్వుకుంటోందట.

“అడిగేశానక్కా, ఊ అన్నాడు, అంది తమ్ముడూ. ఏమడిగావే అంటే చెప్పలా. ముందు జరగనీ, అప్పుడు చెబుతా అంది. ఇంతకీ ఏమడిగింది?”

మార్కండేయులు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. ఊ అనేసి తప్పించుకుందామంటే ఊ బయట ఉంది.

“తెలియదు,” అంటాడు.

ఊ పోయాక అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. అతను గిన్నె పక్కన పెట్టేస్తాడు. మాట ఇచ్చాడు, ఏం మాట ఇచ్చాడో తెలియదు. ఇచ్చిన మాట జరుగుతుందని ఆమె ఆ పొద్దంతా ఎదురుచూసి ఉంటుంది. ఎదురుచూస్తూనే పోయి ఉంటుంది. ఆమె అడిగిందేమిటో కనుక్కోవాలి, ఆలస్యమైతే అయింది, చేసి పెట్టాలి. ఇక లోకంలో అతనికి కావలసింది అదొక్కటే.

అరుగు మీదికి వెళ్ళి ఊ ఎదురుగా కూర్చుంటాడు. అది ఇప్పటికి నడుమెత్తు అయింది. ఆండాళు చీర అడిగిందా అంటాడు. ఊ అంటుంది. చెల్లెలి ఊరు తీసుకెళ్ళమందా అంటాడు. ఊ అంటుంది. మగ్గం మానెయ్యమందా అంటే దానికీ ఊ. అసలేమీ అడగలేదా అన్నా ఊ. మార్కండేయులుకి అనుమానం వచ్చి, లేచి, దాని తలని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. చెవులుండాల్సిన చోట నున్నగా ఉంటుంది.

“మరి ఇన్నాళ్ళూ విన్నదెవరు?” అని అడుగుతాడు.

ఊ, అంటుంది అది.

తులశమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ ఉంటుంది. ఆమెకి లోకజ్ఞానం ఎక్కువ, ఓపిక తక్కువ.

“దాన్నడిగితే ఏమొస్తది తమ్ముడూ? వింటే మాట మనిషిలోకి పోద్ది. వినకపోతే యాడికి పోద్ది? ఇంట్లోనే పడుంటది. నీళ్ళయినా మాటలైనా పల్లానికే చేరతాయి. మీ ఇంట్లో పల్లమేదో చూసుకో.”

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆండాళు మాటలు పెదవైతే దాటాయి గాని గుమ్మం దాటలేదు. ఇక ఆ ఇంట్లో పల్లమంటారా, ఒక్కటే ఉంది. నేసేవాడు కాళ్ళు పెట్టుకోవడానికి మగ్గం కింద తవ్విన గుంట.

మార్కండేయులు కాలితో తొక్కే కర్రలు పక్కకి తీసి గుంటలోకి దిగుతాడు. రోజూ మోకాళ్ళ దగ్గరే నేల తగిలేది. ఇవాళ మెట్లున్నాయి. మెట్లకి గచ్చు చేసి ఉంది, పక్కన పట్టుకోవడానికి తాడు కట్టి ఉంది. దిగుతూ ఉంటే పైన మగ్గాల చప్పుడు పలచబడుతుంది, కింద ఇంకో చప్పుడు చిక్కబడుతుంది. మెట్లు అయిపోయిన చోట పెద్ద గది. గదినిండా చాపలు పరిచి ఉన్నాయి. ప్రతి చాప మీదా ఆండాళు చెప్పిన మాట ఒకటి కూర్చుని ఉంది.

అన్నీ ఒక్కసారే మాట్లాడుతుంటాయి. కొత్త కోడలు ఆండాళు, జలుబు చేసిన ఆండాళు, పళ్ళ మధ్య పిన్నీసు పెట్టుకుని మాట్లాడే ఆండాళు. అన్నీ ఆమె గొంతులే, అందుకని ఏ ఒక్కటీ అర్థం కాదు. మార్కండేయులు కళ్ళు మూసుకుని, పోగుకి పెట్టినట్టే, ఒక్క గొంతుకి చెవి పెడతాడు. ఆ మాట లేచి నిలబడుతుంది. మిగతావి గుసగుసకి దిగి కూర్చుంటాయి.

“మూల మీద కుక్క ఈనిందయ్యా. ఒకదానికి చెవులు తెల్లగా ఉన్నాయి.”

వెంటనే తన గొంతే ఊ అనడం వినపడుతుంది. మాట చీర కుచ్చిళ్ళు సర్దుకుని, అతని పక్కనుంచే మెట్లెక్కి వెళ్ళిపోతుంది. ఒకసారి విన్నాక దానికి ఇక్కడ పని లేదు.

ఇంకో దానికి చెవి పెడతాడు. జామచెట్టు కొట్టేస్తామంటున్నారు, వద్దని చెప్పనా అంటుంది. ఊ. ఇంకోటి, రాత్రి మా అమ్మ కలలోకి వచ్చి బొట్టు పెట్టింది అంటుంది. ఊ. అతను ఇప్పుడు ప్రతిదానికీ జవాబు చెప్పబోతాడు. వద్దని చెప్పు, అంటాడు. మీ అమ్మ ఏ చీర కట్టుకుంది, అంటాడు. కాని ఆ ఊ ముందే ఉండడం వల్ల, జవాబు బయటికి వచ్చేసరికి మాట మెట్ల మధ్యలో ఉంటుంది, వెనక్కి తిరగదు.

“నేను పాడుకుంటుంటే నీ పనికి అడ్డమా?” అంటుంది ఒక పడుచు గొంతు.

ఊ.

పెళ్ళయిన కొత్తలో ఆండాళు పాడేదని అతనికి గుర్తుంది. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు. ఎవరు మానిపించారో ఇప్పుడు తెలిసింది.

ఆ వరసలోనే ఇంకో గొంతు, కొంచెం అలిసినది, ఎడమ చెయ్యి లాగుతోందయ్యా, ఆస్పత్రికి పోదామా, పోన్లే అదే తగ్గిద్దంటావా, అని అడుగుతుంది. దానికి కూడా ఊ. ఈ మాట ఒక్క చాప మీద కాదు, చాలా చాపల మీద ఉంది. అతను పద ఆండాళూ, పద, ఇప్పుడే పోదాం అంటూ ఒక్కొక్క దాని వెనకా మెట్లదాకా పరిగెత్తుతాడు. అవి మర్యాదగా తప్పుకుని వెళ్ళిపోతాయి.

గది ఖాళీ అవుతుంది. చివర గోడవార ఒక్క చాప మిగులుతుంది. దాని మీద ఆ ఆఖరి పొద్దుటి మాట, తలకి నూనె రాసుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. అతను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఊపిరి కూడా చప్పుడు చేస్తుందని బిగబట్టుకుంటాడు. చెవి మొత్తం దానికే ఇస్తాడు.

“ఏమయ్యా,” అంటుంది ఆండాళు.

అప్పుడు పైన మగ్గంలో ఒక పోగు తెగుతుంది.

అతను తిరగమనలేదు. చెవి దానంతట అదే తిరుగుతుంది. తెగిన పోగు గదినిండా లేచి నిలబడుతుంది. ఆండాళు గొంతు, ఎప్పుడూ జరిగినట్టే, దారిచ్చి పక్కకి జరుగుతుంది. పట్టేదెంతసేపు, రెప్పపాటు. చెవిని పట్టి ఇటు లాక్కొచ్చేసరికి ఊ వినపడుతుంది. ఆ ఊకి సంబరపడి ఆమె చిన్నగా నవ్వడం వినపడుతుంది. మాట లేచి, చాప దులిపి, మడిచి గోడకి ఆనించి, మెట్లెక్కి వెళ్ళిపోతుంది.

మార్కండేయులు మట్టి నేల మీద పడి ఏడుస్తాడు. పాడె లేచిన నాడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఆమె పోయిందని ఏడ్చాడు. ఇప్పుడు, ఆమె ఉన్నన్నాళ్ళూ తను లేనని ఏడుస్తున్నాడు.

ఏడ్చి ఏడ్చి, ఇంతకీ పైన నేస్తున్నదెవరని అనుమానం వచ్చి మెట్లెక్కుతాడు. గుంటలో రెండు కాళ్ళు కర్రలు తొక్కుతున్నాయి. వాటి పక్కనుంచి పాక్కుంటూ బయటపడతాడు. అరుగు ఖాళీగా ఉంది. ఊ లోపలికి వచ్చి అతని చోట కూర్చుంది. వీధి వీధంతా చెప్పుకోగా చెప్పుకోగా అతనంత అయింది. అతని బనియనే వేసుకుంది. వెనకనుంచి చూస్తే అతనికే తేడా తెలియదు.

ఇంట్లో ఇప్పుడు రెండే చోట్లున్నాయి. వంటిల్లు ఉండాల్సిన చోట గోడ ఉంది, గుమ్మం ఉండాల్సిన చోట కూడా గోడే ఉంది. మగ్గం ముందు ఊ కూర్చుంది కనక అతను రాట్నం ముందు పీట మీద కూర్చుంటాడు. పనిలేకుండా కూర్చోవడం చేతగాక కండెలు చుడతాడు. మొదట నూలు చిక్కుపడుతుంది, తర్వాత కుదురుకుంటుంది. పొద్దు అక్కడే నిలబడి ఉంటుంది, బుట్ట నిండుతూ ఉంటుంది.

ఆ పీట మీంచి చూడడానికి వీపు తప్ప ఏమీ లేదు. ఇంతకుముందు అతను తన వీపు చూసుకోలేదు. మెడ కింద పుట్టుమచ్చ ఉంది. బనియను చిరిగిన చోటల్లా ఆండాళు కుట్టిన కుట్లున్నాయి, దగ్గర దగ్గరగా, తొందరపడకుండా వేసినవి. అంతసేపు ఒక వీపుని చూస్తూ కూర్చుంటే ఎవరికైనా మాట్లాడాలనిపిస్తుంది. అతను మాట్లాడతాడు. ఈ నూలు తేమగా ఉందంటాడు. సాంబయ్య అల్లుడు మంచివాడు కాదంటాడు. వేళ్ళు నొప్పెడుతున్నాయంటాడు. ప్రతిదానికీ వీపు ఊ అంటుంది. నిండుగా, వెచ్చగా అంటుంది. విన్నదేమోనని ప్రతిసారీ ఆశపుడుతుంది. అంత మోసం ఇంకోటి ఉండదు. తిట్టినా కొంత నయం.

చాలాసేపటి తర్వాత, ఇక చెప్పడానికేమీ లేక, అతను రాట్నం ఆపుతాడు.

“ఒక్కసారి ఇటు తిరుగుతావా?” అంటాడు.

ఊ, అంటుంది వీపు. నేస్తూనే ఉంటుంది.

అప్పుడు అతనికి తెలుస్తుంది. చీరా కాదు, ఊరూ కాదు. ఆ పీట మీద కూర్చున్నవాళ్ళు అడగగలిగింది ఇదొక్కటే. ఊ అన్నాడు కనక తిరుగుతాడనే అనుకుంది. పంపు దగ్గర నవ్వుకుంది, బిందె పొర్లించుకుంది, వచ్చి ఈ పీట మీద కూర్చుని, ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు తిరుగుతాడని ఈ వీపుకేసి చూస్తూ ఉంది. అలా చూస్తూనే పోయింది. ఇచ్చిన మాటకి ఖర్చు మెడ తిప్పడమే, ఆ మాత్రం చెయ్యలేకపోయాడు.

అయినా మాట మాటే. ఆమె చూడాలనుకున్న మొహం మగ్గానికి అవతలి వైపు ఉంది. దాన్ని పట్టుకుని ఇటు తిప్పి, పీటకేసి చూపించి తీరాలి. మార్కండేయులు లేస్తాడు. పడుగు కింద వంగి, పోగులు తెగకుండా దూరి, మగ్గం చుట్టూ తిరిగి ఎదుటికి వెళ్తాడు.

అటువైపు కూడా వీపే ఉంది.

అదే బనియను. మెడ కింద అదే పుట్టుమచ్చ. చేతులు మాత్రం ఎటు నేస్తున్నాయో అంతు దొరకదు. మార్కండేయులు పిలుస్తాడు, లాగుతాడు, తర్వాత ఏం చెయ్యాలో తెలియక దాని మీద చెవి ఆనిస్తాడు. వీధిలో పోగులు తెగడం మొదలవుతుంది. ముందు సాంబయ్య ఇంట్లో, తర్వాత తులశమ్మ ఇంట్లో, తర్వాత వరసగా ప్రతి ఇంట్లో, పడుగులకి పడుగులే తెగుతాయి. అతని చెవి తిరగదు.

వీపు లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఒకరు ఆండాళు. ఆకాశం దక్షిణాన నల్లబడుతోందని, ఈ వాన కురిస్తే గోడ పక్క చిక్కుడు పాదు కోలుకుంటుందని చెబుతోంది. ఇంకొకరు మగమనిషి. ఏ పాదు, మొన్న పూత రాలిందన్నావే అదేనా, అని అడుగుతున్నాడు. అదేనంటుంది. అయితే పద, ఒక పందిరి వేద్దాం, నువ్వు కర్రలు పట్టుకో అంటున్నాడు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి మార్కండేయులుకి చాలాసేపు పడుతుంది. అది తన గొంతే. అన్నన్ని మాటలతో ఎప్పుడూ వినలేదు కనక గుర్తుపట్టలేదు.

అతను వేళ్ళతో తడతాడు. పలకరు. అరచేత్తో, ఆ తర్వాత రెండు పిడికిళ్ళతో కొడతాడు. తిరిగాను ఆండాళూ, ఇదిగో, ఇటు తిరిగాను, అని అరుస్తాడు.

లోపల మాటలు ఆగుతాయి.

“ఏదో చప్పుడవుతోందయ్యా,” అంటుంది ఆండాళు.

“నాకేం వినపడ్డం లేదు,” అంటాడు లోపలి మనిషి. “నువ్వు చెప్పు.”